కందిరీగ గురువు: భాగవతం చెప్పింది, కెమెరా చూపించింది

శ్రీ గురుభ్యో నమః.

అవధూత 24 గురువుల వీడియో చూసి మా టీమ్‌లో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఆ కందిరీగ కథ సైన్స్ ప్రకారం తప్పు కదా. మరి భాగవతం మాటేంటి?" మంచి ప్రశ్న. దాటేయకూడదు.

ముందు కథ. ఏకాదశ స్కంధంలో శ్రీకృష్ణుడు ఉద్ధవుడికి యదు మహారాజు, అవధూతల సంవాదం చెప్తాడు. ఆ గురువుల్లో తేనెటీగ ఉంది, దీపంలో పడే శలభం ఉంది, సాలెపురుగు ఉంది. చివర కందిరీగ. అది ఒక పురుగును తెచ్చి గూట్లో మూసేస్తుంది. ఆ పురుగు భయంతో కందిరీగనే తలుచుకుంటూ, చివరికి కందిరీగే అయిపోతుంది. దీన్నే భ్రమరకీట న్యాయం అంటారు.

ఇప్పుడు కెమెరా. కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో ఆదివారాలు నేను చిన్న పురుగుల ఫోటోలు తీస్తుంటాను. 3 మిల్లీమీటర్ల పురుగుకి కన్ను ఫోకస్‌లోకొస్తే కాలు మసకబారుతుంది. అందుకే ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ పదుల ఫోటోలు తీసి ఒకటిగా కలపాలి. తేదీ, చోటు రాసి ఐనాచురలిస్ట్‌లో పెడితే పరిశోధకులకు కూడా పనికొస్తుంది. జాతి పేరు తెలియకపోతే 'కందిరీగ' అని మాత్రమే రాసి వదిలేయొచ్చు. తెలిసినంతే చెప్పడం. సత్యవ్రతం అంటే నాకు అక్కడే బాగా అర్థమైంది.

మట్టిగూడు కట్టే కందిరీగల గురించి ఇలా ఓపిగ్గా చూసినవాళ్లు తేల్చింది వేరు. కందిరీగ గొంగళిపురుగును కుట్టి కదలకుండా చేస్తుంది. గూట్లో దాంతోపాటు తన గుడ్డు పెట్టి మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ గొంగళిని తిని పెరుగుతుంది. బయటికొచ్చేది కందిరీగ బిడ్డే.

మరి గురువు అబద్ధమా? "ఇదంతా మనవాళ్లకి ముందే తెలుసు" అని కథను వంచి చెప్పక్కర్లేదు. పురుగు విషయంలో కెమెరాదే నిజం, ఒప్పేసుకుందాం. అవధూత అక్కడ నేర్చుకున్నది మనసు గురించి. ప్రేమతో కానీ, ద్వేషంతో కానీ, భయంతో కానీ దేన్ని విడవకుండా తలిస్తే మనసు ఆ రూపమే పడుతుందన్నాడు. అది చెక్ చేయడానికి లెన్స్ అక్కర్లేదు. రోజంతా తిట్టుకునే మేనేజర్ గొంతు రాత్రి మన నోట్లోంచే వస్తుంది. గంటలకొద్దీ చూసిన రీల్స్ జపంలో కూడా తిరుగుతుంటాయి.

ఇంకో మాట. ఆ 24 మందిలో కందిరీగ లాంటివి పాఠం చెప్పడానికి రాలేదు. అవధూతే ఆగి చూశాడు. కాబట్టి పురుగును ఉన్నది ఉన్నట్టు చూడటం శ్రద్ధకు అడ్డు కాదు, శిష్యుడు చేయాల్సిన పనే.

ఈ వారం సాధన: పది నిమిషాలు ఒక్క పురుగును చూడండి. కదపొద్దు, చంపొద్దు. ఫోన్‌తో ఒక ఫోటో తీసి, తెలిసినంతే రాయండి. ఆ తర్వాత అదే చూపుతో పది నిమిషాలు ఇష్టదైవం ముందు కూర్చోండి.

సర్వే జనాః సుఖినో భవంతు.