తనిఖీకి ఎవరూ రారు, బుజ్జీ

బుజ్జీ,

సున్నుండలు, కారప్పొడులు, ఆవకాయ ఇంట్లోనే చేసి అమ్ముతానని నువ్వన్నప్పటి నుంచి మీ బాబాయి ఒకటే హుషారు. నాకూ సంతోషమే. సీసా మీద ఏ బొమ్మ బాగుంటుందని అడిగావు గానీ, దానికంటే ముందు నేనడగాల్సింది ఒకటుంది. ఇక్కడ పని చేసుకోవడానికి అనుమతిచ్చే ఈఏడీ కార్డు నీ చేతికి వచ్చిందా? మీ ఆయన గ్రీన్‌కార్డు కోసం వేసిన ఐ-140 ఆమోదం పొందితేనో, హెచ్-1 వీసాకి ఆరేళ్లు దాటి పొడిగింపు దొరికితేనో గానీ హెచ్-4 వీసా మీద ఉన్న భార్యకి అది ఇవ్వరు. అది లేకుండా ఇంట్లో పచ్చడి కలిపి అమ్మినా ఉద్యోగం చేసినట్టే లెక్క. "వాట్సాప్ గ్రూపులో అందరూ అమ్ముతున్నారు పిన్నీ" అనకు. వాళ్లెవరి దగ్గర ఏ కాగితాలున్నాయో మనకేం తెలుసు?

కాగితం ఉంటే మిగతా దారి సులువే. మన టెక్సాస్‌లో ఇంట్లో చేసిన తిండి అమ్ముకోవడానికి వీలిచ్చే కాటేజ్ ఫుడ్ చట్టం 2011లో వచ్చింది. 2025 సెప్టెంబరు 1 నుంచి ఇంకా సడలించారు. అంతకుముందు ఏవి అమ్మొచ్చో జాబితా ఇచ్చేవారు, ఇప్పుడు ఏవి కూడదో చెప్పి మిగతావి మనకే వదిలేశారు. ఏడాది అమ్మకాలు 50 వేల డాలర్లు దాటకూడదన్నది లక్షా 50 వేలయింది. లైసెన్సు అక్కర్లేదు. ఫుడ్ హ్యాండ్లర్ కోర్సు ఆన్‌లైన్‌లో చేసి కార్డు తీసుకుంటే చాలు, మామూలుగా నీ వంటిల్లు చూడ్డానికి ఎవరూ రారు. (న్యూజెర్సీలో మీ వదిన చెప్పేవి నీకు పనికిరావు. అక్కడ 2021 అక్టోబరు దాకా ఇంట్లో చేసి అమ్మడానికే వీల్లేదు. ఏ రాష్ట్రం రూలు ఆ రాష్ట్రానిదే.)

ఎవరూ రారనగానే హమ్మయ్య అనుకుంటావేమో, నా భయమంతా అక్కడే. హోటల్లో తప్పు జరిగితే పట్టుకోవడానికి ఇన్‌స్పెక్టరు ఉంటాడు. నీ ఇంట్లో పట్టుకోవాల్సింది నువ్వే.

కోడి పచ్చడి, రొయ్యల పచ్చడి, చికెన్ బిర్యానీ బాగా అమ్ముడవుతాయని నాకూ తెలుసు. మాంసం, కోడి, చేపలు, రొయ్యలు ఈ చట్టంలో కుదరవు. అంతే. పులిహోర, పెరుగన్నం, కూరల లాంటివి రాష్ట్ర ఆరోగ్యశాఖలో నమోదు చేసుకుని అమ్మొచ్చు గానీ, మొదటి ఏడాది వాటి జోలికి పోకు. వండిన అన్నం ఆగస్టు ఎండలో కారు డిక్కీలో అరగంట ఉంటే ఏమవుతుందో ఆలోచించు.

ఆవకాయ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పైన నూనె తేలుతుంటే పచ్చడి పాడవదని మనవాళ్ల నమ్మకం. బూజు వరకు అది నిజమే. బాట్యులిజం తెచ్చే క్రిమికి మాత్రం గాలి తగలని చోటే ఇష్టం, నూనె కింద హాయిగా పెరుగుతుంది. మన ఆవకాయని ఇన్నాళ్లూ కాపాడింది మామిడి పులుపు, ఉప్పు. అందుకే కాయ బాగా పుల్లగా ఉండాలి. ఇక్కడ దొరికే కాయ ఒక్కోసారి చప్పగా ఉంటుంది, అలాంటిది పచ్చడికి వద్దు. పుల్లదనం కొలిచే పీహెచ్ మీటరు కొనుక్కో. ముక్క ఊరాక రుబ్బి చూస్తే 4.6 కంటే తక్కువే రావాలి. కాలీఫ్లవరు, దొండకాయ, వట్టి వెల్లుల్లి పచ్చళ్లలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, వాటికి సొంత పులుపు లేదు. కలిపిన ప్రతిసారీ ఒక నంబరు వేసి, తేదీ, కారం ఎక్కడ కొన్నావు, కొలత ఎంతొచ్చిందో పుస్తకంలో రాయి. గుంటూరు నుంచి సూట్‌కేసులో తెచ్చిన మర ఆడించిన కారం ఇంట్లో తినడానికి ఉంచుకో. అమ్మకానికి బిల్లు ఉన్న సరుకే వాడు.

లేబులు మీద నీ పేరు, అడ్రసు, ఇది తనిఖీ లేని ఇంట్లో తయారైందన్న మాట ఉండాలి. దినుసులన్నీ కూడా రాయి. ఇంటి అడ్రసు ఊరంతా తెలియడం ఇష్టం లేకపోతే నమోదు చేసుకుని ఆ నంబరు వేసుకోవచ్చు. ఎలర్జీ తెచ్చేవి విడిగా చెప్పాలి: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, వేరుశనగ, జీడిపప్పు బాదం లాంటివి, గోధుమ, సోయా. 2023 నుంచి నువ్వులు కూడా చేరాయి. ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. ఆవకాయలో పోసేది పప్పునూనె అయితే అది నువ్వులే కదా. సున్నుండల్లో నెయ్యి ఉంది, అంటే పాలు. ఇంగువ డబ్బా వెనక ఎప్పుడైనా చదివావా? పొడి ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలిపి ఉంటుంది. గోధుమ పడని బిడ్డకి పెట్టడానికి వాళ్లమ్మ నీ దగ్గర కందిపొడి కొంటుంది. అది కందిపప్పే కదా అని అడగను కూడా అడగదు. ఆవాలు అమెరికా జాబితాలో లేవు, కెనడా జాబితాలో ఉన్నాయి. అయినా ఆవపిండి అని పెద్దక్షరాల్లో రాయి, నీదేం పోయింది?

మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) కాగితాలు ఒకసారి తిరగెయ్యి, రాష్ట్రం ఒప్పుకున్నా వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. ఇంటి ఇన్సూరెన్సు వ్యాపారానికి సాధారణంగా వర్తించదు, వాళ్లనీ అడుగు. ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు మిగిలినా స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం లెక్కలోకి వస్తుంది. అందుకని మొదటి రోజు నుంచే బిల్లులన్నీ దాచు.

ధర దగ్గర నీ మొహమాటం నాకు తెలుసు. "మన వాళ్లే కదా, ఏదో ఒకటి ఇవ్వండి" అంటావు. అలా అనకు. నూనె, సీసా, లేబులు, పెట్రోలు, నీ గంటలు అన్నీ కలిపి ధర వెయ్యి. ఊరికే ఇవ్వాలనిపిస్తే పండక్కి డబ్బా కట్టి ఇవ్వు, సగం ధరకి మాత్రం అమ్మకు. ముందు మూడే రకాలు పెట్టుకో: సున్నుండలు, కందిపొడి, ఆవకాయ. ఇప్పుడు నువ్వు చేసేదంతా గుప్పెళ్లతోనూ చిటికెలతోనూ. ఈ శనివారం వచ్చేటప్పుడు గ్రాముల తూకం తెస్తాను. నువ్వు నీ అలవాటు ప్రకారం వేస్తూ పో, నేను పక్కన కూర్చుని తూచి రాస్తాను.

మీ పిన్ని