కొంగ మోకాలు

సముద్రానికి ఎదురుగా ఉన్న పార్కు కోసం ఒక శిల్పి స్టీలు రేకుతో పెద్ద కొంగను చేసింది. రెక్కలు చాచి ఒంటికాలి మీద నిలబడిన కొంగ. ఆ కాలు స్టెయిన్‌లెస్ స్టీలు పైపు. "అతుకు ఎక్కడా కనపడకూడదు మేస్త్రీ" అని ఆమె ముందే చెప్పింది.

మేస్త్రి ఊళ్లో లేని రోజున ఆయన మేనల్లుడు పని కానిచ్చేశాడు. పైపు అంచులు ఏటవాలుగా చెక్కలేదు, మధ్యలో సందు వదల్లేదు. రెండు ముక్కలూ ఆనించి పైపైన ఆర్గాన్ వెల్డింగ్ లాగించేశాడు. ఆ ఉబ్బును గ్రైండరుతో చదును చేసి, బఫ్ పెట్టి తళతళ మెరిపించాడు. వేలితో తడిమినా అతుకు తెలియలేదు. శిల్పి మురిసిపోయింది.

తిరిగొచ్చిన మేస్త్రి అతుకు మీద ఎర్రరంగు ద్రవం చల్లి, కాసేపు ఆగి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, దానిపై తెల్లపొడి స్ప్రే కొట్టాడు. చూస్తుండగానే ఆ తెలుపులోంచి సన్నటి ఎర్రగీత తేలింది, పైపు చుట్టులో సగం దాకా.

"ఇంత నున్నగా ఉంటే ఎవరికి కనిపిస్తుంది మావయ్యా?"

"గాలికి కనిపిస్తుందిరా. రెక్కలున్న బొమ్మ, గాలి ఊపినప్పుడల్లా కాలు వంగి లేస్తుంది. లోపలిదాకా స్టీలు కరిగి కలవనేలేదు. పైనున్న కాస్తనీ గ్రైండరు తినేసింది. ఇంక పట్టుకునేది ఏముంది?"

ఆవిష్కరణకు కార్డులు పంచేశారు. శిల్పి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "కోసెయ్యండి, మళ్లీ చేద్దాం" అంది. అతుకు పాదం దగ్గరే ఎందుకని తనే అడిగింది. వంచే బలం ఎక్కువగా పడేది అడుగునే అని మేస్త్రి చెప్పాక, ఈసారి మోకాలి నుంచి దిమ్మె లోపలిదాకా ఒకే పైపు దించి, అతుకును మోకాలికి జరిపారు. కొంగ కాలికి అక్కడ ఎలాగూ ముడి ఉంటుంది. వెల్డింగ్ ఉబ్బును చెక్కకుండా ఆ ముడిగానే ఉంచేశారు.

నీతి: బరువు మోసే అతుకును పరీక్షించకముందే నునుపు చెయ్యకూడదు, అందం కోసం పలచన చెయ్యనే కూడదు.

గాలి వేగం రెండింతలైతే తోపుడు నాలుగింతలవుతుంది. తుఫానుకు తట్టుకున్న అతుకు కూడా ఏళ్ల తరబడి మామూలు గాలుల ఊపుకు వెల్డింగ్ అంచున పగలొచ్చు. "స్టెయిన్‌లెస్ కదా, తుప్పు పట్టదు" అన్న ధీమా ఇంకా ప్రమాదం. వెల్డింగ్ వేడికి రంగు మారిన చోట స్టీలును కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొర దెబ్బతింటుంది. ఆ మరకల్ని యాసిడ్ పేస్టుతో తీసెయ్యాలి, మామూలు ఇనుప బ్రష్ తాకించకూడదు. ఉప్పుగాలికి 304 రకం చాలదు. మాలిబ్డినం కలిసిన 316 కావాలి, వెల్డింగ్ ఉంటే కార్బన్ తక్కువున్న 316ఎల్.

1886లో న్యూయార్క్ రేవులో నిలబెట్టిన లిబర్టీ విగ్రహంలో రాగి తొడుగును ఇనుప పట్టీలు పట్టి ఉంచేవి. రాగికీ ఇనుముకీ మధ్యనున్న ఆస్బెస్టాస్ పొర పాడై, తేమ చేరి, పట్టీలు తుప్పుతో ఉబ్బిపోయాయి. నూరేళ్ల పండుగకు ముందు జరిగిన మరమ్మతులో వాటి బదులు 316ఎల్ పట్టీలు వేశారు. అన్నీ ఒక్కసారే ఊడదీస్తే తొడుగు నిలవదు కనుక, కొన్ని కొన్నిగా మార్చుకుంటూ వెళ్లారు. మనిషి లోపలికి వెళ్లి చూసే దారి ఉండబట్టే అది సాధ్యమైంది. మన కూడళ్లలో బోల్టులతో నిలబెట్టే శిల్పాలకు ఆ దారి ఉండదు. కనీసం అడుగు ప్లేటునీ బోల్టులనీ టైల్స్ కింద కప్పెయ్యకుండా, ఏటా వానాకాలం ముందు ఎవరైనా టార్చి వేసి చూసేలా వదిలిపెట్టాలి.