మా ఊరి మీద వేసిన నెపం

నంద్యాలలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి నా దగ్గరికి ఉత్తరం కోసం వచ్చింది. వాళ్ళది ఆళ్లగడ్డ పక్కన పల్లె. రోజూ బస్సులో వచ్చిపోతుంది. ఎన్‌సిసిలో ఉంది. సైన్యంలో ఆఫీసరు కావాలని కోరిక. కోచింగుకు డబ్బుసాయం చేస్తానన్న ఒక పెద్దాయనకు తన గురించి నాలుగు మాటలు రాసిమ్మంది. సరేనన్నాను గానీ పదిరోజులైనా రాయలేకపోయాను. యుద్ధం ఆడవాళ్ళకు ఏం మిగులుస్తుందో సాహిత్యంలో చదువుకున్నదాన్ని, దాని మీదే రాసినదాన్ని. నా విద్యార్థినిని నా చేత్తో నేనే తుపాకీ వైపు ఎలా పంపను?

ఆ పిల్ల సందేహం మాత్రం వేరు. "మగోళ్ళు మన మాట ఇంటారా మేడం?" అని అడిగింది.

ఇదే మాటను కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టు ముందు కూడా పెట్టింది. అయితే ప్రశ్నగా కాదు, జవాబుగా. సైనికుల్లో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన మగవాళ్ళు కాబట్టి స్త్రీ తమ పై అధికారిగా ఉండటాన్ని ఒప్పుకునే మానసిక స్థితి వాళ్ళకింకా రాలేదని రాసిచ్చింది. మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు 2010లో చెప్పినా ఏళ్ళ తరబడి అమలు కాలేదు. 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. కమాండ్ బాధ్యతలకు స్త్రీలను మొత్తంగా దూరం పెట్టడం సమానత్వ హక్కుకు విరుద్ధమంది.

ఆ వాదనలోని 'పల్లె' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ పల్లె మాది కూడా కదా! 1991 నవంబరు ఉపఎన్నికలో ప్రధాని పి.వి. నరసింహారావుని ఐదు లక్షలకు పైగా మెజారిటీతో పార్లమెంటుకు పంపింది నంద్యాల. రెండు నెలలు దాటాక, 1992 జనవరి 30న ఆయన ప్రభుత్వమే సైన్యంలోని కొన్ని విభాగాల్లో స్త్రీలను అధికారులుగా తీసుకుంటామని ప్రకటించింది. మొదట ఐదేళ్ళకే. తలుపు తెరిచారు గానీ లోపల కూర్చోడానికి పీట వెయ్యలేదు. అయినా ఆ తలుపు తీసింది పౌర ప్రభుత్వమే.

ప్రజాస్వామ్యంలో సైన్యం ఎన్నికైన ప్రభుత్వానికి లోబడి ఉండాలి. రాజ్యాంగం సర్వసైన్యాధిపత్యాన్ని రాష్ట్రపతికి ఇచ్చింది అందుకే. మరి "మా జవాన్లు ఒప్పుకోరు" అని ప్రభుత్వమే అంటే ఎవరు ఎవరికి లోబడినట్టు? ఫలానా అధికారి కులమో మతమో భాషో నచ్చలేదని, అతని మాట విననని జవాను అంటే సైన్యం ఊరుకుంటుందా? ఏ విషయంలోనూ అడగని అతని ఇష్టాన్ని స్త్రీ విషయంలోనే అడగడం ఎందుకు? పై వాళ్ళ మనసులో ఉన్న మాటను కింది వాడి నోట్లో పెట్టడం కాదా ఇది?

పల్లె ఒప్పుకోదనే వాళ్ళకు ఆళ్లగడ్డను చూపించవచ్చు. భూమా శోభా నాగిరెడ్డిని ఇక్కడి మగవాళ్ళు మళ్ళీ మళ్ళీ గెలిపించారు. 2014 ఏప్రిల్‌లో రోడ్డు ప్రమాదంలో ఆమె చనిపోతే, మే నెల పోలింగులో ఆమె పేరుకే ఓటేసి గెలిపించారు. కానీ నన్ను నేను మోసం చేసుకోలేను. ఆమె సమర్థురాలే. అయినా ఆమె ముందు తండ్రి ఉన్నాడు, పక్కన భర్త ఉన్నాడు. మా సీమలో మాట వినడమంటే చాలాసార్లు ఆ ఇంటి మాట వినడమే. ఆ ఇంటి కూతురో కోడలో కాని ఆడమనిషి మాటకు అంత విలువ ఉందా?

సైన్యంలో సెల్యూట్ మనిషికి కాదు, హోదాకి. తండ్రి, భర్త, ఇంటిపేరు అక్కర్లేని అధికారం స్త్రీకి దొరికే చోట్లు మన సమాజంలో ఎన్ని? ఆ పిల్ల కోరిక నాకు అప్పుడు అర్థమైంది.

హోదా కూడా ఊరికే రాదు. తీర్పు వచ్చాక మహిళా అధికారులను వడపోసిన పద్ధతి చూడండి. ఏటా పై అధికారులు రాసే రహస్య నివేదికల్లో తొలి సంవత్సరాలవే లెక్కలోకి తీసుకున్నారు. ఎలాగూ వెళ్ళిపోయేవాళ్ళే కదా అని అశ్రద్ధగా రాసిన నివేదికలవి. మగవాళ్ళకు చిన్న వయసులో పెట్టిన ఆరోగ్య పరీక్షను నలభై దాటిన స్త్రీలకు పెట్టారు. 2021 మార్చి 25న సుప్రీంకోర్టు దీన్ని పరోక్ష వివక్ష అంది. 2023లో 108 మంది మహిళలు కల్నల్ హోదాకు ఎంపికయ్యారు. అదే ఏడు నవంబరులో, ఆ ఎంపికలోనూ అన్యాయం జరిగిందని కొందరి విషయంలో కోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

మరి నా తటపటాయింపు? స్త్రీలు వెళ్ళినంత మాత్రాన సైన్యం మెత్తబడుతుందని నేను అనుకోను. 2004లో మనోరమ హత్య తర్వాత ఇంఫాల్‌లో అస్సాం రైఫిల్స్ స్థావరం ముందు పన్నెండుమంది తల్లులు నగ్నంగా నిలబడి అడిగిన ప్రశ్న, రేపు అక్కడ మహిళా అధికారి ఉన్నా అలాగే ఉంటుంది. అయితే స్త్రీలను బయట ఉంచడం వల్ల ఒక్క యుద్ధమైనా ఆగిందా? యుద్ధం చేయాలా వద్దా అన్నది నిర్ణయించేది ప్రభుత్వం. దాన్ని నిలదీయాల్సింది ఓటున్న నేను. ఆ పని చెయ్యకుండా నా నీతి బరువంతా ఇరవై ఏళ్ళు నిండని పిల్ల నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

ఉత్తరం రాసిచ్చాను. "వినడం వాళ్ళ ఉద్యోగం. నువ్వు ఎవరి మాట వింటావో, ఎక్కడ కాదంటావో అది నీ ప్రశ్న" అన్నాను. ఇంఫాల్ తల్లుల గురించి చెప్పడం మొదలుపెట్టాను.

"అప్పటికి నేనింకా పుట్టలేదు మేడం" అంది. ఆళ్లగడ్డ బస్సుకు టైమవుతోందని గుర్తుచేశాను. ఇంకో బస్సుంది, చెప్పమంది.