రోము సరే, ఎర్రగుడి ఎప్పుడు?

స్కూల్లో లాటిన్ క్లాసు పిల్లలను రోముకు తీసుకెళ్తామని పంపిన ఫారంలో ‘ఇదే మీ మొదటి విదేశీ ప్రయాణమా?’ అని ఓ ప్రశ్న ఉంది. మా అమ్మాయి అవునని టిక్కు పెట్టింది. “ఇండియాలో మన కౌతాళం పోయొచ్చినావు కదే!” అన్నాను. “అది ఫారినా అమ్మా? అవ్వ వాళ్లిల్లు కదా!” అంది, తలెత్తకుండానే.

పొంగిపోయాను. ఇంతలో ఉగాది సంచికకు వ్యాసం ఏమైందని సంపాదకురాలి మెసేజి. విలువల గురించి ఏదైనా రాయమన్నారు. పిల్ల అన్న మాటే రాసిచ్చేస్తే సరిపోతుందనిపించింది. పిల్ల రోమునుంచి తిరిగొచ్చాక మాత్రం అది అంత తేలిగ్గా తేలే సంగతి కాదని తెలిసింది.

వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో రోము తప్ప వేరే మాట లేదు. కొలోసియం క్రీస్తు శకం 80లో తెరిచారట. పాంథియన్ గుమ్మటం అడ్డకొలత 43 మీటర్లట. ఇనుప కడ్డీలు లేని కాంక్రీటు గుమ్మటాల్లో అంత పెద్దది ఈనాటికీ మరొకటి లేదట. దేవతల గుడిని 609లో చర్చిగా మార్చడం వల్లే అది కూలకుండా నిలిచిందట. కొలోసియంలో జనం వినోదం కోసం ప్రాణాలొడ్డిన బానిసల గురించి చెబుతుంటే దాని గొంతు జీరబోయింది. గర్వంగానే విన్నాను. ఇదే పిల్ల కౌతాళం నుంచి వచ్చినప్పుడు చెప్పిన కబుర్లేమిటి? కరెంటు కోతలు, దోమలు, పెద్దమ్మ వద్దన్నా వడ్డించిన ఓళిగ. అవ్వ వాళ్లిల్లు కాబట్టి ఆ ఊరిని అది ఎప్పుడూ పరికించి చూడలేదు.

రోముకు పోయేముందు లాటిన్ టీచరు నెలల తరబడి పిల్లలను తయారుచేసింది. ఒక్కొక్కరికీ ఒక్కో కట్టడం అప్పగించి, చదివించి, అక్కడికెళ్లాక దాని ముందు నిలబెట్టి వాళ్లతోనే చెప్పించింది. మన ఇండియా ప్రయాణాల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. దొరికిన సెలవులో ఓ పెళ్లి, పళ్ల డాక్టరు, జాకెట్ల కొలతలు, బ్యాంకులో కేవైసీ. పిల్లలకు ఏసీ గది, వైఫై పాస్‌వర్డు. ఎలాగూ దగ్గరే కదా అని మంత్రాలయంలో ఓ దర్శనం, గుడిముందు ఓ సెల్ఫీ.

ముందు రోమా, మన ఊరా అన్నదాంట్లో రెండు వైపులా సమానంగా రాస్తానని సంపాదకురాలికి మాటిచ్చాను కాబట్టి రెండు వాదనలూ చెబుతాను. శనివారం పాట్‌లక్‌లో రోము మాట ఎత్తగానే ఒకాయన “వాళ్లు అడవుల్లో తిరిగే రోజుల్లోనే మనవాళ్లకు అన్నీ తెలుసు, ఆ డబ్బు పెట్టి అక్కడికెందుకు?” అన్నారు. ఆ గర్వం పిల్లల ముందు ఒక్క పూట నిలవదు. రాతిమీద ఏముందో చదివి, ఏడు సరిచూసుకోవడం మరిగిన పిల్ల “ఎక్కడ రాసుంది అంకుల్?” అని అడుగుతుంది. ఆ అలవాటు నేర్పినందుకు రోముకు నమస్కారం. ఇంకొకావిడ వాదన వేరు: “ఇండియా ఎక్కడికి పోతుంది? మనదే కదా, ఎప్పుడైనా చూడొచ్చు. ముందు ప్రపంచం చూడనివ్వండి.” నాకు భయమేసింది ఈ మాటకే. కోటలు ఎక్కడికీ పోవు. వాటి కథ చెప్పే అవ్వలు, తాతలు ఉండరు.

చూడ్డానికి మా పక్క ఏమి తక్కువ? పత్తికొండకూ గుత్తికీ మధ్య ఎర్రగుడి ఉంది. 1929లో లోకానికి తెలిసిన అశోకుడి శాసనాలు అక్కడి బండల మీదున్నాయి. కొలోసియం తెరవడానికి మూడు వందల ఏళ్లకు పైగా ముందు చెక్కినవి. అక్కడ ఒక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, వాటి తర్వాతివి కుడినుంచి ఎడమకు సాగుతాయి. పిల్లలకు ఇంతకంటే మంచి పజిల్ ఏముంటుంది? తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం చెప్పాలి అని చెక్కించాడాయన. మొదటి మాట మా అమ్మాయి చేత చదివించాలన్న స్వార్థం నాకుంది, దాచను.

పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి హంపి. 1520 ప్రాంతంలో కృష్ణదేవరాయల నగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ దాని పెద్దతనం చెప్పడానికి రోమునే తెచ్చి పోల్చాడు. ఆ విజయనగరం కోటల్లో ఒకటి మా ఆదోని. తళ్లికోట యుద్ధమైన మూడేళ్లకు, 1568లో, బీజాపూరు చేతికి పోయింది. అదే ఊళ్లో తరువాత దాన్ని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన పెద్ద మసీదు ఉంది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం ఎన్ని మగ్గాలకు అన్నం పెట్టిందో పెద్దలను అడిగితే చెబుతారు. ఇక కౌతాళంలోనే ఖాదర్‌లింగ స్వామి దర్గా. పేరులోనే ఇద్దరున్నారు. మొక్కులకూ రెండు మతాలవాళ్లూ వస్తారు.

చరిత్రతోనే ఆగితే విలువల వ్యాసం అనిపించుకోదు. కౌతాళం, కోసిగి పక్క పల్లెల్లో మా అమ్మాయి ఈడు పిల్లల్లో ఎందరో మొదటిసారి జిల్లా దాటేది సుగ్గికే, అంటే కోతల కూలికి వలసకే. వాన మొహం చాటేసిన ఏడు ఇళ్లకు తాళాలు పడతాయి. అమ్మానాన్నలతో పాటు మూటలు సర్దుకుని గుంటూరు పక్క మిరప కోతలకు, పత్తి తీయడానికి పోతారు. బడి ఆగిపోతుంది. తిరిగొచ్చాక మళ్లీ బడిలో కూర్చునేవాళ్లు కొందరే. రెండు వేల ఏళ్ల కిందటి బానిసల కోసం గొంతు జీరబోయిన పిల్లకు, అవ్వ వాళ్ల వీధిలో తాళం పడ్డ ఇంటి పిల్ల సంగతి తెలియాలి. దాని పక్కన కూర్చుని మాట్లాడాలి. తన చేతిలో పాస్‌పోర్టు ఉండడం తన తెలివి ఒక్కదాని వల్లే కాదని ఏ మ్యూజియమూ అంత బాగా నేర్పదు.

కాబట్టి నా మాట ఇది. రోముకు పంపండి, ఏథెన్సుకు పంపండి. కానీ పిల్లలకు పదహారు నిండేలోపు, పెళ్లీ షాపింగూ లేని ఓ వేసవి, మీ ఊరికి పంపండి. పోయేముందు లాటిన్ టీచరు చేసినట్టే తయారుచేయండి. ఒక బండ, ఒక గుడి, ఒక మనిషి, ఏదో ఒకటి అప్పగించి, దాని గురించి వాళ్లతోనే చెప్పించండి. ఎండలంటారా? రోములో జూలై కూడా చల్లగా ఏమీ ఉండదు.

మా చిన్నవాడికి ఇప్పుడు గ్రీసు ప్రయాణం కాగితాలొచ్చాయి. తప్పకుండా పంపుతామని చెప్పాం, ఎర్రగుడి చూసొచ్చాక. వాడికి కోపమొచ్చింది. రానివ్వండి.