దోసిలి పట్టించే సేవ వద్దు

 

పోయిన పున్నమి నాడు మా విహారంలో వందన అయ్యాక ఒక చర్చ లేచింది. మా వాడ అమ్మాయి ఒకామె నర్సింగు చదివి పట్నంలో ఉద్యోగం చేస్తోంది. తూర్పు ఆఫ్రికాలో ఒక పల్లెకు పదిహేను రోజుల వైద్య సేవకు పోయే బృందంలోకి తనను రమ్మంటున్నారని, పోవాలా వద్దా అని అడిగింది.

ఒక పెద్దాయన వెంటనే, "మన వాడలో కుళాయి రోజు విడిచి రోజు వస్తోంది. నీకు ఆఫ్రికా ఎందుకమ్మా?" అన్నాడు. ఇంకొకాయన, "పోనీయండి, మంచి పేరొస్తుంది, నాలుగు ఫోటోలూ వస్తాయి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. "అన్నా, బాబాసాహెబ్ ఉంటే ఏమనేవారు?" అని నన్నడిగింది.

ఆ పూట నాకు సరైన జవాబు తోచలేదు. ఇప్పుడు ఆ అమ్మాయికీ, ఆ పెద్దాయనకీ, మీకూ కలిపి రాస్తున్నాను.

ఎవరికి చేయాలి?

వినయ పిటకంలో ఒక సంఘటన ఉంది. భగవాన్ బుద్ధుడు ఆనందుడితో కలిసి భిక్ఖువుల వసతులు చూస్తూ పోతున్నాడు. ఒక భిక్ఖువు విరేచనాలతో నీరసించి తన మలంలోనే పడి ఉన్నాడు. పక్కవాళ్ళెవరూ ఎందుకు చూడలేదని అడిగితే, "నేను వాళ్ళకు ఏమీ చేయలేదు భగవాన్, అందుకే వాళ్ళు నన్ను చూడటం లేదు" అన్నాడు. బుద్ధుడు ఉపదేశం మొదలుపెట్టలేదు. నీళ్ళు తెప్పించాడు. తాను నీళ్ళు పోస్తే ఆనందుడు కడిగాడు. తలవైపు ఆయన, కాళ్ళవైపు ఆనందుడు పట్టి మంచం మీద పడుకోబెట్టారు. ఆ తర్వాతే సంఘాన్ని పిలిచి, రోగికి చేసే సేవ తనకు చేసే సేవతో సమానమని చెప్పాడు.

"నాకేం చేశాడని నేను చేయాలి?" అనే లెక్కను బుద్ధుడు అక్కడే తుడిచేశాడు. ఆఫ్రికా మనకేం చేసిందని అడిగేవాళ్ళకు ఇదే జవాబు.

అంత దూరమా?

దూరం మన ధమ్మానికి కొత్త కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్నాయి. వీలైతే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. రెండో శాసనంలో ఆయన తన రాజ్యంలోనే కాక పొరుగు దేశాలలోనూ, గ్రీకు రాజుల సీమల్లోనూ మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానంటాడు. మూలికలు లేనిచోటికి తెప్పించి నాటించానంటాడు, దారుల వెంట బావులు తవ్వించానంటాడు. పదమూడో శాసనంలో ధమ్మ విజయం చేరిన రాజుల పేర్లున్నాయి. వాళ్ళలో ఈజిప్టు టాలెమీ, సైరీన్ మాగస్ ఇద్దరూ ఆఫ్రికా నేలను ఏలినవాళ్ళే. రెండువేల రెండువందల ఏళ్ళ కిందటే మన బండ మీద ఆఫ్రికా ఉంది.

అయితే ఒక్కటి గమనించండి. నాటిన చెట్టు, తవ్విన బావి, ఇచ్చినవాడు వెళ్ళిపోయినా ఊళ్ళోనే ఉంటాయి. అక్కడే ఉంది అసలు సంగతి.

ఎలా చేయాలి?

నేను హాస్టల్లో ఆరో తరగతి చదివేటప్పుడు పట్నం నుంచి కొందరు పెద్దమనుషులు దుప్పట్లు పంచడానికి వచ్చారు. మమ్మల్ని ఎండలో వరుసగా నిలబెట్టారు. దుప్పటి ఒక చివర వాళ్ళు, ఒక చివర మేము పట్టుకోవాలి, అప్పుడు ఫోటో. నా ముందువాడు తల దించుకుంటే "పైకి చూడరా, నవ్వరా" అని గడ్డం పట్టి ఎత్తారు. దుప్పటి మంచిదే, ఆ చలికి పనికొచ్చింది. అబద్ధం చెప్పను. కానీ అప్పటికి నెల రోజులుగా మా హాస్టల్ బోరు చెడిపోయి ఉంది. మీకేం కావాలని వచ్చినవాళ్ళలో ఒక్కరూ అడగలేదు.

మన తాతలు ఊరి బావి గట్టు కింద దోసిలి పట్టి నిలబడితే, ఎవరో దయ తలచి పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు. నీళ్ళు గొంతులో దిగేవి, మనిషి మాత్రం కిందనే ఉండిపోయేవాడు. అది జాలి. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ మనవాళ్ళకు ఇంకో చెంబెడు పోయమని అడగలేదు. జనంతో కలిసి చవదార్ చెరువులో దిగి తన చేత్తో నీళ్ళు తాగారు. కరుణ దగ్గరే ఆగకుండా మైత్రి దాకా రావాలని ఆయన ఎందుకు పట్టుబట్టారో ఇక్కడ అర్థమవుతుంది. మైత్రిలో ఎదుటివాడు మనకంటే కిందివాడు కాడు.

మరి మనం ఆఫ్రికా పల్లెకు పోయి, అక్కడి పిల్లలతో దోసిలి పట్టించి వస్తామా? ఆ పెద్దమనుషుల జాగాలో మనం నిలబడతామా? బాబాసాహెబ్ ఉంటే ముందు ఈ ప్రశ్నే అడిగేవారని నా నమ్మకం.

ఒక గుడ్డ ముక్క చేసిన పని

చేయవలసిన తీరుకు ఆఫ్రికాలోనే గొప్ప ఉదాహరణ ఉంది. నారికురుపు గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. రాయలసీమ దిగుడుబావుల వైపు ఒకప్పుడు తెలిసిన జబ్బే. సైక్లాప్స్ అనే సన్నటి నీటి పురుగులున్న నీళ్ళు తాగితే, ఏడాది తర్వాత కాలిలో పొక్కు లేచి, దాంట్లోంచి మూరెడు, రెండు మూరల తెల్లటి పురుగు బయటికొస్తుంది. దాన్ని పుల్లకు చుట్టుకుంటూ రోజుకింత లాగాలి. మంట తట్టుకోలేక మనిషి కాలు నీళ్ళలో పెడితే, ఆ పురుగు తన పిల్లల్ని నీళ్ళలోకి వదులుతుంది. మళ్ళీ ఊరంతటికీ అదే జబ్బు.

1986లో ఆఫ్రికా, ఆసియాలలోని 21 దేశాల్లో ఏడాదికి సుమారు 35 లక్షల మందికి ఇది సోకేది. కోతల వేళకే మనుషులు మంచాన పడేవాళ్ళు. మాలిలో దీన్ని ఖాళీ గాదె జబ్బు అని పిలిచేవారట. అమ్మానాన్నలు పడిపోతే పిల్లలు బడి మాని పొలానికి పోవాల్సిందే. ఆరోగ్యం వేరు, చదువు వేరు కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

దీనికి టీకా లేదు, మందు లేదు. అయినా 2023లోనూ 2024లోనూ ప్రపంచం మొత్తంలో ఈ జబ్బు సోకినవాళ్ళు ఏడాదికి 15 మందిని మించలేదు. ఎలా సాధ్యమైంది? బయటివాళ్ళు చేసింది ఉంది. జిమ్మీ కార్టర్ పెట్టిన కార్టర్ సెంటర్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ లాంటివి వడపోత గుడ్డలు, చెరువుల్లో వేసే మందు, శిక్షణ, డబ్బు సమకూర్చాయి. 1995లో సూడాన్ యుద్ధం మధ్యలో ఈ పని కోసం దాదాపు ఆరు నెలలు కాల్పులు ఆపించారు. కానీ పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి, గుడ్డకు చిల్లి పడిందేమో చూసి, పుండుకు కట్టు కట్టి, "అక్కా, ఆ కాలితో చెరువులో దిగకు" అని చెప్పింది మాత్రం ఆ ఊరి మనిషే. ఊరికొకరు చొప్పున వేల మంది పల్లె వాలంటీర్లు. ఘానాలో రెడ్ క్రాస్ మహిళా సంఘాల ఆడవాళ్ళు ఈ భారం ఎత్తుకున్నారు. 1989లో ఆ దేశంలో లక్షా డెబ్బై వేలకు పైగా కేసులుంటే, 2010 తర్వాత అక్కడ ఒక్కటీ లేదు.

భిక్ఖువుకు ఉండే ఎనిమిది పరికరాలలో ఒకటి పరిస్సావనం, అంటే నీళ్ళు వడగట్టే గుడ్డ. నీళ్ళలోని చిన్న ప్రాణి కూడా చావకూడదని బుద్ధుడు దాన్ని పెట్టాడు. దక్షిణ సూడాన్‌లో పశువులు కాసేవాళ్ళు వడపోత గొట్టాన్ని దారం కట్టి మెడలో వేసుకు తిరిగారు. ఎక్కడ దాహం వేసినా దాంతోనే తాగాలి. ఒకచోట పురుగును కాపాడేది, ఒకచోట మనిషిని కాపాడేది. రెండు చోట్లా గుణం ఒక్కటే, ఎరుక. ఏం మింగుతున్నానో నాకు తెలియాలి, నా చేతిలోనే వడపోత ఉండాలి.

పోయేముందు అడగాల్సిన ప్రశ్నలు

సేవకు పోయే ప్రతివాళ్ళూ ఈ ఐదూ అడిగి చూసుకోండి.

ఒకటి: రమ్మని ఆ ఊరివాళ్ళు పిలిచారా, మనమే పోతున్నామా?

రెండు: ఇక్కడ నాకు అర్హత లేని పని అక్కడ చేస్తున్నానా? మన ఊళ్ళో సూది పొడవకూడనివాడు ఆఫ్రికాలోనూ పొడవకూడదు. బీదవాడి ఒళ్ళు మనం పని నేర్చుకునే చోటు కాదు.

మూడు: నేను తిరిగొచ్చిన మర్నాడు ఈ పని ఎవరు చేస్తారు? పది రోజులు పిల్లలకు పాఠం చెప్పడం కంటే, అక్కడి పంతులమ్మకు కావలసిన పుస్తకాలు, శిక్షణ అందించడం మేలు కాదా?

నాలుగు: నా బిడ్డ పుండును, నా బిడ్డ ఆకలిని ఎవరో ఫోటో తీసి పెట్టుకుంటే ఒప్పుకుంటానా?

ఐదు: అనాథాశ్రమానికి పోతుంటే, ఆ పిల్లలకు అమ్మో నాన్నో ఉన్నారా అని అడిగానా? బీదరికం వల్లనే ఆశ్రమాల్లో చేరిన పిల్లలు చాలామంది. వచ్చి ముద్దు చేసి పోయే చుట్టాలకంటే, ఇంటికి చేర్చే సాయమే వాళ్ళకు కావాలి.

ఇక మా పెద్దాయన మాట. ఆయన కుళాయి సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ ఇవే ప్రశ్నలు మన వాడలోనూ అడుగుదాం. ఏప్రిల్ 14న మనం మెడికల్ క్యాంపు పెడతాం. బీపీ చూస్తాం, షుగర్ చూస్తాం, బ్యానర్ ముందు ఫోటో దిగుతాం. షుగర్ ఎక్కువున్న ముసలమ్మ మే నెలలో మాత్ర వేసుకుందో లేదో ఎవరైనా పోయి చూశామా? మన వీధికి ఒక్క వాలంటీరు ఉన్నారా? ఘానా పల్లె ఆడవాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాల్సిందే ఎక్కువ. ఇచ్చేవాళ్ళం మనమే, తీసుకునేవాళ్ళు వాళ్ళే అనుకోవద్దు.

ఆ అమ్మాయి మొదటి ప్రశ్నను ఆ బృందానికే రాసి పంపింది. అక్కడి ఆరోగ్య కేంద్రం నుంచి జవాబొచ్చింది. క్యాంపు అక్కర్లేదట, తమ దగ్గర ఇద్దరు నర్సులున్నారట, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్ని చూసుకోవడంలో అనుభవం ఉన్నవాళ్ళొస్తే వాళ్ళిద్దరి పక్కన నిలబడి పని చేయాలట. మా అమ్మాయి చేసే ఉద్యోగమే అది. పోతానంది. "పదిహేను రోజులు చాలవన్నా, సెలవు పెంచమని అడుగుతా" అంది. పెద్దాయన కాసేపు ఊరుకుని, "పోయి రా తల్లీ. వచ్చాక మన వీధి ఆడపిల్లలకు కూడా నేర్పు" అన్నాడు.

వచ్చే పున్నమికి మీ విహారంలో ఈ ఐదు ప్రశ్నలూ చదివి, మీ వీధికి ఒక మనిషిని ఎన్నుకోండి. ఆ తర్వాత ఎంత దూరమైనా పోదాం. ఎవరి చేతా దోసిలి పట్టించకుండా పోదాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.