సారథి బాణం వేయడు

పోయిన వారం వీడియోలో కృష్ణుడు అర్జునుడి రథానికి సారథిగా ఎందుకు కూర్చున్నాడో మాట్లాడుకున్నాం కదా. దాన్ని ఎడిట్ చేస్తున్నంతసేపూ నాకు మా పిన్ని కొడుకే గుర్తొచ్చాడు. వాడికి 24 ఏళ్లు. ఆటిజం ఉంది. ఈ పోస్టులో అడగాలనుకున్న ప్రశ్న ఒక్కటే. మనం ప్రేమించే మనిషి పనులన్నీ మనమే చేసిపెడితే అది సేవ అవుతుందా, లేక వాడి జీవితాన్ని వాడి చేతిలోంచి లాక్కున్నట్టు అవుతుందా?

ఆటిజం జబ్బు కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా. చిన్నప్పుడు మొదలై జీవితాంతం ఉంటుంది. మా వాడికి మిక్సీ శబ్దం పడదు, చెప్పకుండా ప్లాన్ మారిస్తే అల్లాడిపోతాడు. కానీ మెట్రో స్టేషన్ల పేర్లు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు గడగడా చెప్పేస్తాడు. పిన్ని ఇప్పటికీ వాడికి చొక్కా గుండీలు పెడుతుంది, అన్నం కలిపి పెడుతుంది. "నేనున్నంత కాలం వాడికి ఏ లోటూ రానివ్వను" అంటుంది. రాత్రి మా అమ్మకి ఫోన్ చేసి "నా తర్వాత వీడి గతేంటక్కా?" అని ఏడుస్తుంది. ఆ రెండు మాటలకీ ముడి ఉందని మాకెవరికీ చాలా ఏళ్లు తట్టలేదు.

కొందరు బంధువులు "పూర్వజన్మ కర్మ" అని తేల్చేశారు. నాకు అర్థమైనంతలో కర్మ సిద్ధాంతం నేను ఇప్పుడేం చెయ్యాలో నన్ను అడగడానికి ఉంది. పక్కవాళ్ల కష్టానికి లేబుల్ అంటించి మనం చేతులు కడుక్కోవడానికి కాదు.

రెండేళ్ల క్రితం నుంచి శని, ఆదివారాల్లో రెండేసి గంటలు వాడితో కూర్చుంటున్నాను. ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ మాకు పద్ధతి నేర్పారు. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టాలి. టీ పెట్టడం మాకు 14 మెట్లు అయింది. నేర్పడం చివరి మెట్టు నుంచి మొదలుపెట్టాలి. మొదటి వారం 13 మెట్లు నేనే చేశాను, గ్లాసులోకి వడపోయడం మాత్రం వాడిది. ప్రతిసారీ పని వాడి చేతుల్లోనే పూర్తవుతుంది. ఆ తర్వాత దాని ముందు మెట్టు, ఆపైన ఇంకో మెట్టు. మన సాయం కూడా అలాగే తగ్గుతూ రావాలి. ముందు చెయ్యి పట్టుకుని చేయించాలి, తర్వాత వేలితో చూపించాలి, తర్వాత మాట మాత్రమే, చివరికి అదీ ఉండకూడదు.

"కాసేపు మరగనివ్వు" అన్నాను ఒకసారి. "కాసేపు అంటే ఎన్ని నిమిషాలు?" అన్నాడు. ఆఫీసులో క్లయింట్ అరకొర రిక్వైర్‌మెంట్ ఇస్తే నేను అడిగే ప్రశ్న అదే! చెప్పడం రానిది నాకు. మూడు నిమిషాల టైమర్ పెట్టాక వాడి టీ నా టీ కంటే బాగుంటోంది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మొదట్లో నా లిస్టులో వేరేవి ఉండేవి: కళ్లలోకి చూసి మాట్లాడటం, చేతులు ఊపకుండా కూర్చోవడం. అవి వాడి అవసరాలు కావు, నలుగురిలో నా ఇబ్బంది తప్పించుకోవడానికి రాసుకున్నవి. చేతులు ఊపితే వాడికి స్థిమితంగా ఉంటుంది. గీతలో స్వధర్మం మాట చాలాసార్లు విన్నాను, కానీ వాణ్ణి నాలా మార్చాలని చూసినప్పుడు మాత్రం అది గుర్తు రాలేదు. "నీకేం నేర్చుకోవాలని ఉంది?" అని అడగడానికే నాకు ఆరు నెలలు పట్టింది. వెంటనే చెప్పాడు: "మెట్రో. ఒక్కడినే."

కూకట్‌పల్లి నుంచి ఎస్‌ఆర్ నగర్ వరకు అనుకున్నాం. వాడి జేబులో ఒక కార్డు పెట్టాం. దారి తప్పితే ఆగాలి, గోడ పక్కన నిలబడాలి, యూనిఫాంలో ఉన్నవాళ్లకి కార్డు చూపించాలి. చాలా వారాలు పక్కన కూర్చున్నాను, తర్వాత పక్క బోగీలోకి మారాను. ఒక శనివారం రద్దీలో వాడు తలుపు దాకా రాలేకపోయాడు. ఎస్‌ఆర్ నగర్ దాటిపోయింది. అమీర్‌పేటలో దిగి, రెండు చెవులూ మూసుకుని గోడ పక్కన నిలబడ్డాడు. నేను పరిగెత్తబోయాను. నన్ను చూసి అరచెయ్యి ఎత్తాడు, ఆగమని. ఐదు నిమిషాలు అలాగే నిలబడ్డాడు. తర్వాత గార్డుకి కార్డు చూపించాడు, అవతలి ప్లాట్‌ఫాంకి వెళ్లాడు, వెనక్కి రైలెక్కాడు. ఎందుకు రావద్దన్నావని తర్వాత అడిగితే, "కార్డులో అన్నయ్య లేడు" అన్నాడు.

సంగతి తెలిసి పిన్ని నా మీద విరుచుకుపడింది. "నీకేంరా, వారానికి నాలుగు గంటలు వచ్చి పోతావు. వాడికేమన్నా అయితే మోయాల్సింది నేను!" ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. ఆవిడ భయం అబద్ధం కాదు, ఊళ్లో ప్రమాదాలూ అబద్ధం కాదు. ఆ రోజు ఇంకేదైనా జరిగి ఉంటే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు.

అయినా నాకు భారతంలో ఒక ఘట్టం గుర్తొస్తుంది. ఆయుధం పట్టనని మాటిచ్చిన కృష్ణుడు, భీష్ముడి ధాటికి అర్జునుడు తట్టుకోలేకపోతుంటే రథం మీంచి దూకేశాడు. ప్రేమ దేవుడి చేత కూడా అలా పరుగు పెట్టించింది. వెనకే వెళ్లి కాళ్లు పట్టుకుని ఆపింది అర్జునుడు. యుద్ధం నాది, నేను చేస్తాను అన్నాడు. అమీర్‌పేటలో ఎత్తిన ఆ అరచెయ్యి నాకు అలాగే కనిపించింది. గీత చివర్లో కూడా అంతే, చెప్పాల్సిందంతా చెప్పి, ఆలోచించుకుని నీ ఇష్టప్రకారం చెయ్యమని నిర్ణయం అర్జునుడికే వదిలేశాడు.

మన చట్టం కూడా ఇంచుమించు ఇదే చెప్తోంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ఆటిజాన్ని గుర్తించింది. అందులోని పరిమిత సంరక్షణ అంటే సంరక్షకుడు, ఆ వ్యక్తి నమ్మకంతో కలిసి నిర్ణయం తీసుకోవడమే. అంతేగానీ మనిషిని పక్కనపెట్టి ఆయన బదులు సంతకం చెయ్యడం కాదు.

స్వతంత్రం అంటే ఎవరి సాయం లేకుండా బతకడం అని కూడా నేను అనుకోను. నాకు తిండి ఆర్డర్ చేస్తే వస్తుంది, దారి ఫోన్ చెప్తుంది, పొద్దున్నే అమ్మ ఫోన్ చేస్తేనే లేస్తాను. నన్నెవరూ ఆధారపడ్డవాడు అనరు! తేడా ఒక్కటే, ఏ సాయం కావాలో నేను ఎంచుకుంటాను. వాడికీ ఆ ఎంపిక దక్కాలి.

ఇప్పుడు వాడు నెలకి రెండుసార్లు ఒంటరిగా మెట్రో ఎక్కుతున్నాడు. పిన్ని స్టేషన్ మెట్ల దగ్గర నిలబడి వాడు వచ్చేదాకా జపం చేసుకుంటుంది. గుండీలు మాత్రం ఇంకా ఆవిడే పెడుతుంది, చివరిది తప్ప. అది వాడు పెట్టుకుంటాడు.

మీ ఇంట్లోనూ ఇలాంటివాళ్లు ఉంటే, ఈ వారం ఒక్క పనిలో చివరి మెట్టు వాళ్లకి వదిలి చూడండి. అంతకంటే ముందు, వాళ్లకి ఏం నేర్చుకోవాలని ఉందో అడగండి.

జై శ్రీకృష్ణ.