ఏలడం, దిగిపోవడం

తెలుగులో దొరికిన తొలి శాసనం కడప జిల్లా కలమల్లలోనిది. క్రీ.శ. 575 నాటిదని చరిత్రకారుల అంచనా. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడును ఏలుతున్నప్పటిది. రాజుల్లో వారసత్వం పుట్టుకతో వచ్చేది. మరి ఆడవాళ్లు కట్టుకున్న సంఘానికి తర్వాతి నాయకురాలు ఎక్కణ్ణుంచి రావాలి? రేనాటి పల్లెల్లో పొదుపు సంఘాలను చూసినప్పుడల్లా నాకీ ప్రశ్న ఎదురవుతుంది.

1982లో మొదలైన డ్వాక్రా, 2000 తర్వాత వెలుగు పథకంతో గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్యగా పైపైకి పెరిగింది. సంఘ సభ్యులకు నేర్పే పంచసూత్రాలు: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. నాయకురాలు మారడం ఈ ఐదింటిలో లేదు. ఆ నియమం వేరేచోట ఉంది గానీ, నెలనెలా అడిగేది కిస్తీ గురించే.

అందుకు పాత లీడరమ్మను నిందించడం న్యాయం కాదు. ఇంట్లో మాటలు పడి, జీతం లేని చాకిరీ చేసి, బ్యాంకు మెట్లెక్కడం నేర్చుకున్నదామె. అధికారులకూ తెలిసిన మొహమే సులువు. పైగా ఒక గట్టి వాదన ఉంది: పేదవాళ్ల డబ్బు మీద కొత్తవాళ్లు పని నేర్చుకోవచ్చా? లెక్క తప్పితే అప్పు అందరి నెత్తినా పడుతుంది కదా?

ఈ వాదనను నేను తోసిపుచ్చలేను. కానీ అది చివరికి ఎవరిని బయట ఉంచుతుంది? శిక్షణకు పోవాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. చదువు రావాలి. చంటిబిడ్డను చూసేవాళ్లుండాలి. ఇవన్నీ ఉన్న మనిషే శిక్షణకు పోతుంది. పోయొచ్చింది కాబట్టి ఆమే అర్హురాలంటాం. భూమిలేని దళిత స్త్రీకి అనుభవం లేదంటాం. అనుభవం దొరికే దారి ఎవరు మూశారని అడగం.

ప్రమాదాన్ని చిన్నది చేయవచ్చు. బ్యాంకుకు ప్రతిసారీ ఒక కొత్త సభ్యురాలు తోడు వెళ్లవచ్చు. లెక్కలు అందరిలో బిగ్గరగా చదవవచ్చు. తీర్మానం వంతులవారీగా చెప్పించవచ్చు. శిక్షణ రోజుకు కూలి ఇవ్వవచ్చు. చిన్న మొత్తంలో తప్పితే పదిమందీ కలిసి దిద్దుకోవచ్చు. ఒక్కరికే అన్నీ తెలిసి ఉండడం మాత్రం చిన్న ప్రమాదం కాదు. ఆమె మంచం పడితే సంఘమే మూగదవుతుంది.

నాయకత్వాన్ని తయారుచేయడమంటే మాటలు నేర్పడమని అనుకుంటాం. పుస్తకం, సంతకం, చివరి మాట, ఈ మూడూ తన చేతిలోంచి వదలడం అసలు పని. అది నేర్వాల్సింది కొత్తామె కాదు, పాతామె. దిగిపోయాక కూడా ఆమెకు గౌరవం, పని మిగలాలి. లేకపోతే దిగమని ఏ ముఖంతో అడుగుతాం?

ఈ మాట పల్లెలకే చెప్పి ఊరుకుంటే చాలదు. మన రచయిత్రుల సంఘాల్లో, సంపాదకవర్గాల్లో, విశ్వవిద్యాలయ విభాగాల్లో వేదిక మీది కుర్చీలు ఎన్నేళ్లుగా ఎవరివి? కొత్త అమ్మాయిలకు మనం ఇస్తున్నది స్వాగత వాక్యాలా, నిర్ణయాలా?